గిరగిరా తిరిగే ఎలుకలు - లోపలి చెవి సంగతులు

చెవి ఎందుకు ఉంది అని ఎవరిని అడిగినా వినడానికి అనే చెబుతారు. పరీక్షలో అలా రాస్తే మార్కు కూడా వేస్తారు. కానీ మనం నిటారుగా నిలబడటానికి, అరుగు దిగేటప్పుడు తూలిపోకుండా ఉండటానికి కూడా చెవే ఆధారం అంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు నవ్వుతారు. డిగ్రీ జువాలజీ పుస్తకంలో ఈ సంగతి రెండు వాక్యాల్లో అయిపోతుంది. ఎమ్మెస్సీలో జన్యుశాస్త్రం చదువుతుంటే తెలిసింది, ఆ రెండు వాక్యాల వెనుక నూరేళ్లకు పైబడిన కథ ఉందని, ఆ కథలో నాయకులు చిట్టెలుకలని. ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ కథే చెప్పాలనుకున్నాం. చివరిదాకా చదివితే ఇది ఎలుకల గురించి మాత్రమే కాదని మీకే తెలుస్తుంది.

చైనా, జపాన్ దేశాల్లో చాలాకాలంగా ఒక రకం చిట్టెలుకల్ని ముచ్చటకు ఇళ్లలో పెంచేవారు. వాటి ప్రత్యేకత ఏమిటంటే అవి తిన్నగా నడవవు. ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, ఆగుతాయి, తల పైకీ కిందికీ ఎగరేస్తాయి, మళ్లీ తిరుగుతాయి. చూసేవాళ్లకు అది నాట్యంలా ఉండేది. 19వ శతాబ్దంలో ఇవి యూరప్, అమెరికాలకు చేరాయి. 'జపాన్ నాట్య ఎలుకలు' అని వాటికి పేరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ యర్క్స్ అనే మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు వీటిని పెంచి, పరిశీలించి 1907లో 'నాట్యం చేసే ఎలుక' అనే అర్థం వచ్చే పేరుతో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పెద్ద ఎలుకల దగ్గర ఎంత శబ్దం చేసినా అవి చెవి కదపలేదు. కొన్ని పిల్లలు మాత్రం రెండు, మూడు వారాల వయసులో కొద్ది రోజులపాటు శబ్దానికి ఉలిక్కిపడి, ఆ తర్వాత ఆ కాస్త శక్తినీ పోగొట్టుకున్నాయి. అంటే నాట్యం చేసే ఎలుక చెవిటి ఎలుక కూడా!

బీఈడీ చదివే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ మనోవిజ్ఞాన పాఠంలో యర్క్స్-డాడ్సన్ నియమం అని వస్తుంది కదా, మరీ తక్కువ ఒత్తిడి ఉన్నా, మరీ ఎక్కువ ఒత్తిడి ఉన్నా కష్టమైన పని నేర్చుకోవడం కుదరదని. 1908లో ఆ ప్రయోగం చేసింది ఈ చెవిటి నాట్య ఎలుకల మీదే. ఆ సంగతి పాఠంలో ఎందుకు చెప్పరో మాకు అర్థం కాదు.

ఇంగ్లండులో డార్బిషైర్ అనే ఆయన 1902 తర్వాత ఈ ఎలుకల్ని మామూలు తెల్ల ఎలుకలతో కలిపి చూశాడు. పుట్టిన పిల్లల్లో ఒక్కటీ తిరగలేదు. ఆ పిల్లల్ని వాటిలో వాటికే కలిపితే మనవల తరంలో తిరిగే ఎలుకలు మళ్లీ కనిపించాయి. పదో తరగతిలో మెండల్ బఠాణీ మొక్కలు చదివినవాళ్లకు ఇది చటుక్కున అర్థమవుతుంది. తిరిగే గుణం అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున చెడిన జన్యువు రెండు ప్రతులూ వస్తేనే బయటపడుతుంది. ఒక్క ప్రతి ఉన్న ఎలుక హాయిగా నడుస్తుంది, వింటుంది, చెడిన ప్రతిని మాత్రం తన పిల్లల్లో కొందరికి అందిస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చెవిలో ఏముంది?

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఈ పుస్తకాన్ని చేత్తో కదలకుండా పట్టుకుని, తల అడ్డంగా గబగబా ఊపుతూ చదవండి. అక్షరాలు కనబడతాయి. ఇప్పుడు తల కదపకుండా పుస్తకాన్ని అంతే వేగంగా ఊపండి. అక్షరాలు చెదిరిపోతాయి. రెండుసార్లూ కదలిక ఒకటే, మరి తేడా ఎందుకు? తల కదిలినప్పుడు లోపలి చెవి ఆ కదలికను పసిగట్టి, కళ్లను సరిగ్గా అంతే వేగంతో ఎదురు దిశకు తిప్పిస్తుంది. పుస్తకం కదిలినప్పుడు చెవికి కబురు అందదు. లోపలి చెవి పూర్తిగా చెడినవాళ్లు నడుస్తూ బోర్డు చదవలేరు, ఎదురొచ్చే మనిషి ముఖం కూడా వాళ్లకు అదురుతూ కనిపిస్తుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తం వినడానికి. దాని పక్కనే మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే అరచుట్టు గొట్టాలు ఉంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. చెంబులో నీళ్లు పోసి చెంబును చటుక్కున తిప్పండి, చెంబు తిరుగుతుంది కానీ నీళ్లు వెనకబడతాయి. కాసేపు తిప్పి ఆపితే చెంబు ఆగినా నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. తల తిరిగినప్పుడు గొట్టాల్లో జరిగేది అదే. తిరునాళ్లలో రంగులరాట్నం దిగాక కూడా లోకం తిరుగుతున్నట్టు ఉండటానికి కారణం ఆ ఆగని నీళ్లే. ఈ మూడు గొట్టాలు కాక రెండు చిన్న సంచులు ఉన్నాయి, యుట్రిక్యులస్, సాక్యులస్ అని. వాటిలో జిగురు పొర మీద సున్నపు స్ఫటికాలు, అంటే కాల్షియం కార్బొనేట్ రేణువులు పరిచి ఉంటాయి. తల వంచితే అవి బరువుకు జరుగుతాయి. ఏది పైన, ఏది కింద అని చెప్పేవి ఆ రేణువులే.

వినే చోటా, తూకం చూసే చోటా కబురు పట్టేది ఒకే రకం కణాలు, రోమ కణాలు. ప్రతి కణం తల మీద సన్నని వెంట్రుకల లాంటివి మెట్లవరుసలో పొట్టి, పొడుగు, ఇంకా పొడుగు అని నిలబడి ఉంటాయి. పొట్టిదాని కొసను పక్కనున్న పొడుగుదానికి ఒక సన్నని దారం కట్టి ఉంచుతుంది. శబ్దం వల్ల గానీ, ద్రవం కదలడం వల్ల గానీ వెంట్రుకలు వంగితే ఆ దారం బిగుసుకుని, తలుపు గొళ్లెం లాగినట్టు చిన్న ద్వారం తెరుచుకుంటుంది. పొటాషియం లోపలికి వస్తుంది, నాడికి కబురు వెళుతుంది. మనిషి ఒక్కో కర్ణావర్తంలో ఇలాంటి కణాలు సుమారు 15 వేలు. అంతే! పక్షులకు పాడైన రోమ కణాలు మళ్లీ మొలుస్తాయి. మన కర్ణావర్తంలో పోయినవి పోయినట్టే.

యంత్రం ఒకటే కాబట్టి దాన్ని కట్టే జన్యువు చెడితే వినికిడీ, తూకమూ రెండూ పోవచ్చు. నాట్య ఎలుక రహస్యం ఇదే. అది ఆడటం లేదు, దానికి నేల అందడం లేదు.

ఎలుక నుంచి మనిషికి

నాట్య ఎలుక ఒక్కటే కాదు, ఇలాంటి వంశాలు ప్రయోగశాలల్లో చాలా బయటపడ్డాయి. తల ఊపేదాన్ని 'షేకర్' అన్నారు, తిరిగేదాన్ని 'వాల్ట్‌జర్' అన్నారు. షేకర్-1 అనే రకాన్ని 1929లో వర్ణించారు. జర్మనీ వదిలి లండన్ చేరిన గ్రూనెబర్గ్ 1940లో తన తోటివారితో కలిసి దాని చెవి నిర్మాణాన్ని పరిశీలించాడు. 1956లో అదే నగరంలో ఎం.ఎస్. డియోల్ షేకర్-1, వాల్ట్‌జర్, పిరొవెట్ అనే మూడు రకాల చెవులను పలుచని ముక్కలుగా కోసి వయసు వారీగా పోల్చి చూశాడు. చెవి మొదట ఏర్పడుతుంది, పుట్టాక కొద్ది రోజుల్లో లోపలి కణాలు క్షీణించడం మొదలవుతుంది. యర్క్స్ చూసిన పిల్లలు కొద్ది రోజులు విని మానేయడానికి కారణం ఇలాంటి క్షీణతే అని మాకు అనిపిస్తుంది.

ఏ జన్యువు అన్నది తేలడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1995లో బ్రిటన్‌లో కరెన్ స్టీల్, స్టీవ్ బ్రౌన్ బృందాలు షేకర్-1లో చెడింది మయోసిన్-7ఏ అనే ప్రొటీన్ జన్యువని కనిపెట్టాయి. అదే ఏడాది పారిస్ పాశ్చర్ సంస్థలో క్రిస్టీన్ పెటీ బృందం మనుషుల్లో అదే జన్యువు చెడితే 'అషర్ సిండ్రోమ్' మొదటి రకం వస్తుందని చూపింది. 2001లో వాల్ట్‌జర్ ఎలుక జన్యువు దొరికింది, అది క్యాడ్‌హెరిన్-23. అది చెడినా మనుషులకు అషర్ వస్తుంది. ఇందాక చెప్పిన దారం ఉంది కదా, దాని పైసగం ఈ క్యాడ్‌హెరిన్-23, కిందిసగం ప్రొటోక్యాడ్‌హెరిన్-15 అని 2007లో తేలింది. ఆ కిందిసగం చెడిన ఎలుక కూడా ఉంది, అదీ గిరగిరా తిరుగుతుంది!

అషర్ అన్నది ఒక కంటి వైద్యుడి పేరు. ఆయన 1914లో ఈ జబ్బు వంశపారంపర్యమని రాశాడు. మొదటి రకంలో బిడ్డ పుట్టుకతోనే చెవిటి. కూర్చోవడం ఆలస్యం, నడక సాధారణంగా ఏడాదిన్నర దాటాకే. పదేళ్ల వయసు చుట్టుపక్కల రేచీకటి మొదలై, చూపు చుట్టూరా నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. ఇక్కడ ఎలుక మనిషికి సరైన నకలు కాదు, షేకర్-1 ఎలుకకు మనిషికి వచ్చినట్టు చూపు పోదు. కాబట్టి చెవి సంగతి ఎలుక చెప్పింది కానీ కంటి సంగతి మనిషిలోనే వెతకాల్సి వచ్చింది.

ఇది చదివినప్పుడు మాకు మా మేనత్త కొడుకు గుర్తొచ్చాడు. వాడు పుట్టు చెవిటివాడు. నడిచింది రెండేళ్లు దాటాక. అప్పట్లో మా అత్త వాణ్ని చంకనేసుకుని ఊరూరా తిరిగింది. ఒక ఆసుపత్రిలో "చెవికీ కాళ్లకీ సంబంధం ఏంటమ్మా, కొందరు పిల్లలు లేటుగా నడుస్తారు" అని పంపేశారు. ఇంట్లో మా అత్త అత్తగారి లెక్క వేరు. "కడుపుతో ఉండి గ్రహణం పూట కూరగాయలు కోసింది" అని. ఆ మాట మా అత్త ఎన్నేళ్లు పడిందో మాకు తెలుసు. డార్బిషైర్ ఎలుకలు 1902 నుంచే చెబుతున్నాయి, రెండు ప్రతులు కావాలని, ఒకటి తండ్రిది అని.

ఎలుకకు చెవి తూకం ఉందో లేదో ఎలా చూస్తారో కూడా చెప్పాలి. తోక పట్టి ఎత్తి, మెల్లగా బల్ల మీదికి దించుతారు. మామూలు ఎలుక ముందుకాళ్లు బల్ల వైపు చాస్తుంది. చెవి చెడిన ఎలుక కింద ఏముందో తెలియక పొట్ట వైపు ముడుచుకుపోతుంది. రెండో పరీక్ష నీళ్లలో. మామూలు ఎలుక ముక్కు పైకి పెట్టి ఈదుతుంది. చెవి చెడినదానికి నీటిలో నేల తగలదు, పైకీ కిందికీ తేడా తెలియదు, నీటి లోపలే బొంగరంలా తిరుగుతుంది. వెంటనే చేత్తో బయటికి తీయకపోతే చచ్చిపోతుంది. పరిశోధకులు పక్కనే నిలబడి తీస్తారు.

ఇది మనుషులకూ వర్తిస్తుందని ఎలుకల కంటే ముందే తెలుసు. 1882లో విలియం జేమ్స్ అనే శాస్త్రజ్ఞుడు 519 మంది బధిరుల్ని గిరగిరా తిప్పించి కళ్లు తిరుగుతున్నాయా అని అడిగించాడు. 186 మందికి అసలు తిరగలేదు. హార్వర్డ్‌లో 200 మంది విద్యార్థులు, అధ్యాపకులను అడిగితే తిరగనివాడు ఒక్కడే. కళ్లు తిరగకపోవడం గొప్ప అనుకునేరు! అలాంటి పిల్లలు పగలు కంటి సాయంతో, పాదాల సాయంతో నెట్టుకొస్తారు. చీకట్లో, బురదలో, ఇసుకలో తడబడతారు. నీళ్లలో మునిగితే పైకి రావడం ఎటో వాళ్లకు తెలియకపోవచ్చు. మన ఊళ్లలో బావులు, కాలువలు, చెరువులు ఉన్నాయి. చెవిటి పిల్లవాడు ఈతకు పోతుంటే ఒంటరిగా పంపకూడదు, మునకలు వేయించకూడదు.

తల్లి దాణాలో మందు

ఈ కథలో మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 'పాలిడ్' ఎలుకది. పాలిపోయిన రంగు కాబట్టి ఆ పేరు. దీనికి రోమ కణాలు కావు, సున్నపు రేణువులు లోపం. కొన్నిటికి ఒక చెవిలో, కొన్నిటికి రెండు చెవుల్లోనూ అవి ఏర్పడవు. తల వంకరగా పెట్టి నడుస్తాయి, నీళ్లలో వేస్తే తేలలేవు. అమెరికాలో ఎర్వే, హర్లీ అనే పరిశోధకులు ఒక పోలిక గమనించారు. మామూలు తల్లి ఎలుకకు గర్భంతో ఉన్నప్పుడు మాంగనీస్ అనే లవణం అందకపోతే పుట్టే పిల్లలకూ ఇదే లోపం వస్తోంది. అయితే తిరగేసి చూద్దామని, పాలిడ్ తల్లులకు గర్భకాలంలో మాంగనీస్ ఎక్కువగా పెట్టారు. పిల్లలకు రేణువులు ఏర్పడ్డాయి, తల నిటారుగా నిలబడింది, ఈదాయి. ఒంటి రంగు మాత్రం పాలిపోయే ఉంది, జన్యువు మారలేదు కాబట్టి. 1966లో ఇది ప్రచురితమైంది.

వంశంలో ఉంది కాబట్టి ఇక చేసేదేమీ లేదు అనే మాటకు ఇంతకన్నా మంచి జవాబు మేము చదవలేదు. అలాగని ఎవరూ మాంగనీస్ బిళ్లలు వెతకొద్దు. అది ఒక ఎలుక వంశంలో, ఒక జన్యువుకు, చెవి ఏర్పడే ఆ కొద్ది రోజుల్లో పనిచేసింది. పుట్టాక పెడితే లాభం లేదు. మనుషుల పుట్టు చెవుడుకు అది మందు కాదు, ఎక్కువైతే నరాలకు హాని కూడా.

బాలి ఊరు, మన మేనరికం

షేకర్-2 అనే మరో రకం ఎలుక కథ ఇండోనేషియాకు తీసుకెళుతుంది. బాలి దీవిలో బెంకాలా అనే ఊరు ఉంది. 1995లో శాస్త్రజ్ఞులు లెక్క రాసినప్పుడు ఆ ఊరి జనాభా 2,185, వారిలో 47 మంది పుట్టు చెవిటివాళ్లు. తరతరాలుగా ఊళ్లో ఊళ్లోనే పెళ్లిళ్లు జరగడం వల్ల ఒక చెడిన జన్యువు పేరుకుపోయింది. అది ఏ జన్యువో ఎలుక ద్వారానే తెలిసింది. 1998లో అమెరికాలో శాలీ క్యాంపర్ బృందం షేకర్-2 ఎలుక ఫలదీకరణ చెందిన అండంలోకి మామూలు ఎలుక డీఎన్ఏ ముక్క ఒకటి ఎక్కించింది. పుట్టిన ఎలుక విన్నది, తిరగడం మానేసింది. ఆ ముక్కలో వెతికితే మయోసిన్-15 దొరికింది. అదే జన్యువు బెంకాలా వాళ్లలోనూ, రెండు భారతీయ కుటుంబాల్లోనూ చెడి ఉంది. ఆ రెండు కుటుంబాలూ దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు చేసుకున్నవే.

బెంకాలా గురించి ఇంకో మాట. ఆ ఊళ్లో వినబడేవాళ్లు కూడా చేతి సైగల భాష నేర్చుకుంటారు. కాటా కోలోక్ అని దాని పేరు. చెవిటివాడు దుకాణానికి వెళితే దుకాణదారే సైగ చేస్తాడు. మన దగ్గర చెవిటి పిల్లవాడికి పేరు ఉన్నా పేరుతో పిలిచేవాళ్లు తక్కువ.

మేనరికం సంగతి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో అవే పెళ్లిళ్లు. మేనరికంలో పుట్టిన ప్రతి బిడ్డకూ జబ్బు వస్తుందని కాదు, ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. కానీ లెక్క ఇది. మేనమామను చేసుకుంటే, ఏ జన్యువు తీసుకున్నా దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి బిడ్డకు చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి. బావామరదళ్లయితే పదహారింట ఒకటి. పూర్వీకుడి దగ్గర చెడిన ప్రతి ఉంటే అది రెండు దారుల్లో వచ్చి ఒక బిడ్డలో కలుస్తుంది. తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒక్కో చెడిన ప్రతి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. పెద్దవాడికి వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు అనుకోవడం తప్పు. ప్రతి కాన్పూ కొత్తగా వేసిన పందెమే. కుటుంబంలో పుట్టు చెవుడు ఉన్నప్పుడు మళ్లీ అదే కుటుంబంలో సంబంధం కలుపుకోవడం మాకైతే సమ్మతం కాదు, మా ఇంట్లో ఈ మాట అని తిట్లు కూడా తిన్నాం.

చెవుడన్నీ ఇలాంటివి కాదని కూడా తెలుసుకోవాలి. మన దేశంలో పుట్టు చెవుడుకు తరచుగా కనిపించే జన్యు కారణం కనెక్సిన్-26, అందులో నడక సాధారణంగా బాగానే ఉంటుంది. హాస్టళ్లలో మనం రోజూ చూసే చెవిలో చీము అసలు వంశపారంపర్యం కాదు, చికిత్స చేయించాల్సిన ఇన్‌ఫెక్షన్.

చికిత్స మాటకొస్తే, 2017లో అషర్‌కు చెందిన ఒక జన్యువు చెడిన ఎలుక పిల్లలకు పుట్టిన వెంటనే వైరస్ ద్వారా మంచి జన్యువును చెవిలోకి పంపితే అవి విన్నాయి, తిరగడం మానేశాయి. ఆలస్యంగా ఇస్తే అంత ఫలితం రాలేదు. 2024లో చైనాలోని షాంఘైలో ఓటోఫెర్లిన్ అనే జన్యువు లోపంతో పుట్టిన ఆరుగురు పిల్లలకు ఇలాంటి చికిత్స చేసిన వివరాలు వెలువడ్డాయి, ఐదుగురికి వినికిడి వచ్చింది. అది అషర్ కాదు, వాళ్ల రోమ కణాలు బతికే ఉంటాయి. అషర్ పిల్లలకు ఇప్పటికి అందుబాటులో ఉన్నది కాక్లియర్ ఇంప్లాంట్. అది ఎంత చిన్న వయసులో పెడితే అంత మంచిది. పైగా ఈ పిల్లలకు తర్వాత చూపు తగ్గుతుంది కాబట్టి సైగలూ పెదవుల కదలికలూ చూసి అర్థం చేసుకునే దారి కూడా మూసుకుపోవచ్చు.

మా మేనత్త కొడుక్కి ఇప్పుడు పద్నాలుగేళ్లు, బధిరుల పాఠశాలలో చదువుతున్నాడు. రెండేళ్లుగా సాయంత్రం అయితే ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకుంటున్నాడు. విటమిన్-ఏ లోపం అని ఇంట్లో ఆకుకూరలు, క్యారెట్లు పెట్టారు. విటమిన్ లోపం వల్ల వచ్చే రేచీకటి దానితో తగ్గుతుంది, అషర్ రేచీకటి తగ్గదు. మొన్న దసరా సెలవుల్లో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెటీనా చూసి, జన్యు పరీక్షకు రక్తం తీసుకున్నారు. వాడిదే కాదు, మా అత్తదీ, మామదీ కూడా. ఇన్నేళ్లలో ఎవరైనా మామను కూడా రమ్మనడం అదే మొదటిసారి.

ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా వాడి పాఠశాలకు మేమే ఒక ఉత్తరం రాసిచ్చాం, వాడికి కింది మంచం ఇవ్వాలని, రాత్రి బాత్రూం దారిలో లైటు వేసి ఉంచాలని, బావి దగ్గరికి ఒంటరిగా పంపొద్దని. మన హాస్టల్లో గానీ, మీ ఊళ్లో గానీ పుట్టు చెవిటి పిల్లలుంటే వాళ్ల అమ్మను మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నో నెలలో నడిచాడు? చీకట్లో తడబడతాడా? కంటి పరీక్ష ఎప్పుడైనా చేయించారా?